ఎఫ్1 మీట మీద నా గొంతు

12 అక్టోబరు 2024, శనివారం, విజయదశమి

పొద్దున్నే రేడియోకి, మైకుకి, సాల్డరింగ్ ఐరన్‌కి మా ఆవిడ కుంకుమబొట్లు పెట్టింది. హుద్‌హుద్ తుపాను వచ్చి ఇవాళ్టికి పదేళ్లు. ఆ ఆదివారం మా సీతమ్మధారలో కరెంటు లేదు, ఫోన్లు లేవు. విజయవాడలో ఉన్న అన్నయ్యకి ‘క్షేమంగా ఉన్నాం’ అన్న ఒక్క మాట అందించడానికి దారి దొరకలేదు. ఆ బాధతోనే హామ్ రేడియో పరీక్ష రాశాను.

ఇప్పుడు గొంతు మొరాయిస్తోంది. 31 ఏళ్లు లెక్కల పాఠాలు చెప్పిన గొంతు. స్వరతంత్రుల మీద చిన్న బుడిపెలు వచ్చాయట. గట్టిగా మాట్లాడొద్దని డాక్టరుగారు మొన్న ఖండితంగా చెప్పారు. చూస్తే రెండు వారాల్లో సీక్యూ వరల్డ్‌వైడ్ హామ్ రేడియో పోటీ. మన గడియారం ప్రకారం శనివారం పొద్దున 5:30కి మొదలై సోమవారం పొద్దున 5:29 దాకా, 48 గంటలు ఒకే వాక్యాన్ని వందలసార్లు పలకాలి. అందుకే వాయిస్ కీయర్. పిలుపును ముందే రికార్డు చేసి పెట్టుకుంటే మీట నొక్కగానే కంప్యూటరే పిలుస్తుంది. మంచిరోజు కదా అని ఎన్1ఎంఎం లాగర్ ప్లస్ ఇవాళే లాప్‌టాప్‌లో ఎక్కించాను.

15 అక్టోబరు

పీటీటీ (పుష్ టు టాక్) పని అయింది. సాఫ్ట్‌వేర్ సీరియల్ పోర్టులోని ఆర్‌టీఎస్ గీతను పైకి లేపుతుంది, ఆప్టోకప్లర్ వెలిగి రేడియోని ట్రాన్స్‌మిట్‌లోకి నెడుతుంది. సంతోషంగా లాప్‌టాప్ రీస్టార్ట్ చేశాను. విండోస్ లేస్తూ లేస్తూ ఆ గీతను తనంతట తానే కదిలించింది. రేడియో మీద ఎర్రదీపం వెలిగిపోయింది, మైకులో ఎవరూ మాట్లాడకుండానే. గుండె ఝల్లుమంది. ఇకనుంచి వరస ఇదే: ముందు లాప్‌టాప్, తర్వాత లాగర్, ఆఖర్న రేడియో స్విచ్. చీటీ రాసి రేడియో నెత్తిన అంటించాను.

17 అక్టోబరు

హమ్. రెండు రోజులుగా అదే గోల. సౌండుకార్డు ఇచ్చేది వోల్టుకు దగ్గర్లో, మైకు జాక్ ఆశించేది కొన్ని మిల్లీవోల్టులు. అందుకని రెండు రెసిస్టర్లతో తగ్గించి పంపాను. అయినా లాప్‌టాప్ చార్జరు పెట్టగానే గుయ్‌మని ఒకటే మోత. గ్రౌండ్ లూప్ అని అప్పుడు తట్టింది. మధ్యలో 600 ఓంలకు 600 ఓంల ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టగానే నిశ్శబ్దం. ఎంత హాయిగా ఉందో.

సూర్యుడు గరిష్ఠ దశకు చేరాడని నాసా, నోవా మొన్ననే ప్రకటించాయి. 10 మీటర్ల బ్యాండు పొద్దుటినుంచి రాత్రి దాకా పలుకుతోంది. ఇలాంటి అక్టోబరు మళ్లీ పదకొండేళ్లకు గానీ రాదు.

19 అక్టోబరు, శనివారం

ఈరోజంతా రికార్డింగే. ఫ్యాను ఆపి, కిటికీకి బొంత కట్టి, చెమటలు కక్కుతూ కూర్చున్నాను. ‘సీక్యూ కాంటెస్ట్’, ఆ తర్వాత నా కాల్‌సైన్ ఒక్కో అక్షరం. పదిహేడోసారికి గానీ నచ్చలేదు. మొదట్లో రేడియో అనౌన్సరులా బరువుగా పలికాను. గాలిలో అది పనికిరాదు. 300 హెర్ట్జ్ కంటే కింద ఉన్నదంతా వాట్లు తినడానికే తప్ప అవతలివాళ్లకి అర్థం కావడానికి కాదు. కాస్త పైస్థాయిలో, గట్టి హల్లులతో పలికితేనే రొదని చీల్చుకుని వెళుతుంది. మైకులో మాట్లాడినప్పుడు ఏఎల్‌సీ మీటరు ముల్లు ఎక్కడిదాకా లేస్తుందో, రికార్డింగ్‌కీ అక్కడిదాకానే లేచేలా తిప్పి పెట్టాను.

సాయంత్రం అసలు తప్పు పట్టుకున్నాను. ఆడాసిటీలో ఫైలు తెరిచి చూస్తే, ఆఖరి అక్షరం అయ్యాక ఖాళీగా ఓ తోక. 0.6 సెకన్లు. అందులో నేను ఊపిరి తీసుకున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. కానీ ఫైలు అయ్యేదాకా పీటీటీ విడవదు! పోటీలో పిలిచేవాళ్లు నా ఆఖరి అక్షరం వినీ వినగానే మొదలుపెడతారు. ఆ 0.6 సెకన్లూ నేను చెవిటివాణ్ణి, వాళ్ల మొదటి అక్షరం నాకు దక్కదు. తోక కోసేశాను.

అవతలివాళ్ల కాల్‌సైన్ కూడా అక్షరాలు అతికించి కంప్యూటరే పలికే ఏర్పాటు ఉంది. అది పెట్టుకోలేదు. నన్ను నేను పిలుచుకోవడం యంత్రానికి వదిలేస్తాను గానీ, వచ్చినవాణ్ణి నా నోటితోనే పిలవాలి.

24 అక్టోబరు

దానా తుపాను ఒడిశా వైపు పోతోంది. ఈ రాత్రి భితర్‌కనిక, ధమ్రా మధ్య తీరం దాటుతుందంటున్నారు. మధ్యాహ్నమే డాబా ఎక్కి డైపోల్ యాంటెన్నా దింపేశాను.

ఊరికే కూర్చోలేక ఆటో రిపీట్ గురించి ఆలోచించాను. ఎస్కేప్ నొక్కేదాకా అది పిలుస్తూనే ఉంటుంది. ఫ్రీక్వెన్సీ ఖాళీ అనిపిస్తుంది. కానీ అక్కడ ఒక తుపాను కబురు నడుస్తూ, అందులో ఒక పక్షం మాత్రం నా చెవికి అందకపోవచ్చు. 2004 డిసెంబరులో హైదరాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లో ఉంది, ప్రపంచంతో కాంటాక్టులు చేయడానికి. 26న సునామీ వచ్చింది. అదే రేడియోతో బాధితుల క్షేమసమాచారాలు చేరవేశారు. అలాంటి బలహీనమైన గొంతు మీద నా రికార్డు మోగితే? అందుకే ‘ఈ ఫ్రీక్వెన్సీ వాడుకలో ఉందా’ అన్న ప్రశ్నకు మీట ఇవ్వను. నేనే అడుగుతాను, రెండుసార్లు, ఆగి విని.

26 అక్టోబరు, శనివారం

నిన్న సాయంత్రం డైపోల్ మళ్లీ ఎక్కించాను. తెల్లవారాక జపాన్ వాళ్లు వరసకట్టారు. ఎఫ్1 పిలుస్తుంది, ఎఫ్2 ‘ఫైవ్ నైన్ ట్వంటీ టూ’ అంటుంది, మన దేశం 22వ జోను కదా. పదిన్నరకి గాలిలోకి టింగుమని మెయిల్ వచ్చిన చప్పుడు వెళ్లిపోయింది. విండోస్ శబ్దాలన్నీ లాప్‌టాప్ స్పీకరుకి మార్చి, యూఎస్‌బీ సౌండుకార్డుని లాగర్ ఒక్కదానికే వదిలాను. ముందే చేసి ఉండాల్సింది.

27 అక్టోబరు, రాత్రి

సాయంత్రం యూరప్ హోరులో, ఎఫ్1 ఆగిన మరుక్షణం, పల్చగా ‘జులు సియెర్రా’ అని వినపడింది. దక్షిణాఫ్రికా! తోక కోయకపోయి ఉంటే ఆ జులు పోయేది. ఒట్టి సియెర్రా పట్టుకుని గ్రీసనో పోలండనో వెతుక్కునేవాణ్ణి. మిగతా అక్షరాలు మూడుసార్లు అడిగాను, ఆయన ఓపిగ్గా మూడుసార్లూ చెప్పాడు. ‘ఫైవ్ నైన్ థర్టీ ఎయిట్.’

కాఫీ తెచ్చి మా ఆవిడ గుమ్మంలోనే నిలబడింది. “వంటింట్లోంచే తెలిసిపోతోందండీ, ఎప్పుడు మీరో, ఎప్పుడు అదో” అంది.

ఎలా అని అడిగాను.

“మీరైతే చివర్న ఊపిరి తీసుకుంటారు.”