ఫర్నేస్ వెలగని రాత్రి

ప్రయాణంలో ఉన్నవారికి ఇంటి విలువ తెలుస్తుందని పెద్దలు అంటారు. ఇంటినే వెంటబెట్టుకొని ప్రయాణించే వారికి ఆ ఇంటిని వెచ్చగా ఉంచే ఏర్పాటు విలువ కూడా తెలిసివస్తుంది. అమెరికాలో ‘ఆర్వీ’ అని పిలిచే వాహనం అటువంటి కదిలే ఇల్లు. పడకలు, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, స్నానాల గది అన్నీ అందులోనే ఉంటాయి. మన కుటుంబాలకు అది ఎంతో అనుకూలమైనది. హలాల్ భోజనం మనమే వండుకోవచ్చు, వేళకు నమాజు చేసుకోవచ్చు, వృద్ధులు అలసినప్పుడు నడుం వాల్చవచ్చు.

గత మార్చి నెలలో మేము అటువంటి వాహనాన్ని అద్దెకు తీసుకొని ఫీనిక్స్ నగరం నుంచి గ్రాండ్ కాన్యన్ చూడడానికి బయలుదేరాము. గుంటూరు నుంచి వచ్చిన అమ్మీ, పది నెలల పాప మాతో ఉన్నారు. ఫీనిక్స్‌లో ఆ రోజు మన ఊరి ఎండలాగే ఉన్నది. కాని కాన్యన్ దక్షిణపు అంచు సముద్రమట్టానికి సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉంటుంది. మార్చిలో అక్కడి రాత్రులు గడ్డకట్టే చలితో కూడినవి. మేము దిగిన మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో వాహనాలకు కరెంటు కనెక్షన్ ఇవ్వరు. బండిలోని బ్యాటరీ, ప్రొపేన్ ట్యాంకు, ఈ రెండే ఆధారం.

ఇషా నమాజు తరువాత థర్మోస్టాట్ తిప్పాము. ఫర్నేస్ ఫ్యాను తిరిగింది, గాలి వచ్చింది. కాని అది చల్లని గాలి. పది నిమిషాలు గడిచినా అంతే. పాప చేతులు చల్లబడసాగాయి. అప్పుడు అమ్మీ అన్నారు: “బేటా, ఆ పొయ్యి వెలిగించి అట్లాగే ఉంచండి. మా చిన్నతనంలో గదిలో కుంపటి పెట్టుకొని పడుకునేవాళ్ళం, ఏమయింది?”

“అమ్మీ, మీ పెంకుటింట్లో గాలి సందుసందునా ఆడేది. ఈ బండి తలుపు మూస్తే డబ్బాలాంటిది” అని మేము మెల్లగా చెప్పాము.

ఈ తేడాను ప్రతి కుటుంబమూ గ్రహించాలి. ఆర్వీ ఫర్నేస్ తన మంటకు కావలసిన గాలిని బయటినుంచి తీసుకుంటుంది, పొగను గొట్టం ద్వారా బయటికే పంపుతుంది. మంట మూసిన పెట్టెలో ఉంటుంది. ఆ పెట్టె పైభాగాన్ని తాకి వేడెక్కిన గాలి మాత్రమే మనకు చేరుతుంది. వంట పొయ్యి అలా కాదు. మనం పీల్చే గాలినే అది కూడా వాడుకుంటుంది. గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, మత్తు, వికారం కలిగిస్తుంది. నిద్రలో ఉన్నవారు మరి లేవకపోవచ్చు. పడుకునేముందు ఇంట్లో నిప్పు ఆర్పివేయమని దైవప్రవక్త (స) బోధించారు. ఆ బోధలోని మేలు ఎంతటిదో ఆ రాత్రి మాకు స్పష్టంగా కనిపించింది.

పొయ్యిని వేడికోసం వాడరాదని నిర్ణయించుకొని, ఫర్నేస్ ఎందుకు వెలగడం లేదో వరుసగా పరిశీలించాము. అది పనిచేసే క్రమం తెలిస్తే లోపం ఎక్కడున్నదో ఊహించడం కష్టం కాదు. థర్మోస్టాట్ ఆదేశించగానే ముందుగా ఫ్యాను తిరుగుతుంది. ఆ గాలి తగినంత బలంగా ఉంటే ‘సెయిల్ స్విచ్’ అనే చిన్న రేకు తెరచాపలా కదిలి, లోపలి విద్యుత్ మార్గాన్ని కలుపుతుంది. అప్పుడే సర్క్యూట్ బోర్డు గ్యాసు వాల్వును తెరిచి, నిప్పురవ్వ పుట్టిస్తుంది. టిక్ టిక్ అనే చప్పుడు వినిపిస్తుంది. మంట పుట్టినట్లు కొన్ని సెకన్లలో తెలియకపోతే బోర్డు గ్యాసును ఆపివేస్తుంది. ఇదంతా మన ప్రాణరక్షణ కోసం చేసిన అమరిక.

మొదట గ్యాసు ఉన్నదో లేదో చూడాలి. కిటికీ తెరిచి ఒక్క నిమిషం పొయ్యి వెలిగించాము. మంట నీలంగా, నిలకడగా వచ్చింది. గ్యాసుకు లోటు లేదు. చలికి గ్యాసు గడ్డకట్టిందేమో అన్న అనుమానానికీ తావు లేదు. ప్రొపేన్ మరిగే స్థానం మైనస్ 42 డిగ్రీల సెల్సియస్. రెండవది బ్యాటరీ. అది బలహీనపడితే ఫ్యాను మందకొడిగా తిరిగి ఆ రేకును కదపలేదు. గోడమీది మీటరులో, ఫ్యాను తిరుగుతుండగానే, 12.4 వోల్టులు కనిపించాయి. బ్యాటరీ కూడా సరిగానే ఉన్నది. మూడవది చప్పుడు. చెవిపెట్టి విన్నాము. టిక్ టిక్ అన్న శబ్దం ఒక్కసారి కూడా రాలేదు. అంటే నిప్పురవ్వ పుట్టే దశ వరకు ఫర్నేస్ చేరనే లేదు. సెయిల్ స్విచ్ దగ్గరే ఆగిపోయిందని అర్థమైంది. దానిని చూడాలంటే ఫర్నేస్ విప్పాలి. రాత్రివేళ, చీకటిలో, గ్యాసు గొట్టాల మధ్య అది మా పని కాదు.

నీళ్ళు కాచి సీసాలలో నింపి, పొయ్యి ఆర్పివేశాము. సీసాలకు తువ్వాళ్ళు చుట్టి అమ్మీ పాదాల దగ్గర ఉంచాము. అద్దాలకు దుప్పట్లు కట్టాము. అందరమూ ఒకే పడక చుట్టూ చేరి, పాపను మధ్యలో పడుకోబెట్టుకున్నాము. ఫజ్ర్ వేళకు అద్దాల లోపలి వైపు మంచు పేరుకొని ఉన్నది. పాప హాయిగా నిద్రపోతున్నది, అల్‌హందులిల్లాహ్.

మరునాడు సుమారు 130 కిలోమీటర్ల దూరంలోని ఫ్లాగ్‌స్టాఫ్‌కు వెళ్ళి ఒక మెకానిక్‌కు చూపించాము. ఆయన ఫర్నేస్ విప్పి చూస్తే సెయిల్ స్విచ్ రేకుకు దుమ్ము, నూలుపోగులు, ఏదో పెంపుడు జంతువు వెంట్రుకలు చుట్టుకొని ఉన్నాయి. మెత్తని బ్రష్షుతో తుడిచి తిరిగి బిగించారు. ఫ్యాను తిరిగింది, టిక్ టిక్ అన్నది, వెచ్చని గాలి వచ్చింది. గుప్పెడు చెత్త ఒక కుటుంబాన్ని రాత్రంతా వణికించిందని అమ్మీ ఆశ్చర్యపోయారు.

ఇటువంటి ప్రయాణం తలపెట్టే వారికి కొన్ని మాటలు. టిక్ టిక్ వినిపిస్తూ మంట రాకపోతే గొట్టాలలో గాలి చేరి ఉండవచ్చు. ముందు పొయ్యి వెలిగిస్తే ఆ గాలి పోతుంది. సిలిండర్ వాల్వును మెల్లగా తిప్పాలి. ఒక్కసారిగా తెరిస్తే రక్షణ కవాటం గ్యాసును అడ్డుకుంటుంది. బయటి పొగగొట్టంలో సాలీళ్ళు, కందిరీగలు గూళ్ళు కడతాయి, దానినీ చూసుకోవాలి. బయలుదేరకముందే పగటిపూట ఒకసారి ఫర్నేస్ వెలిగించి చూడాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మీట నొక్కి అది మోగుతున్నదో లేదో పరీక్షించాలి. ప్రొపేన్ గాలికంటే బరువైనది, లీకయితే నేలమట్టాన నిలుస్తుంది. వాసన వస్తే ఏ స్విచ్చినీ ముట్టుకోకుండా అందరూ బయటికి రావాలి.

ఇది విదేశాలలో ఉన్నవారికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. మన ఇళ్ళలో కిటికీ లేని స్నానాల గదిలో గ్యాసు గీజరు పెట్టుకునేవారున్నారు. చలికాలంలో తలుపులు బిగించి, బాలింత గదిలో బొగ్గుల కుంపటి ఉంచేవారున్నారు. అక్కడా ఆ విషవాయువే పుడుతుంది. గీజరును గాలి ఆడే చోట, స్నానాల గది బయట అమర్చండి. కుంపటి సెగ అవసరమైతే తలుపు తెరిచి ఉంచి, నిద్రకు ముందే దానిని బయట పెట్టండి. మన పిల్లలు, మన వృద్ధులు మనకు అప్పగించబడిన అమానతు. వారికి వెచ్చదనం ఎంత అవసరమో, ఊపిరి పీల్చే గాలి అంతకంటే అవసరం.