అయిదుగురు నలులూ, ఇరవైనాలుగు సీసాలూ

"మా రోజుల్లో ఇన్ని లేవు, అందుకే హాయిగా ఉన్నాం" అన్న మాట ఈ మధ్య పెళ్ళిపందిళ్ళలోనూ, రైలు ప్రయాణాల్లోనూ తరచు వినబడుతోంది. అనేవారు సాధారణంగా యాభై దాటినవారు. వినేవారు చేతిలోని ఫోను మీంచి తల ఎత్తకుండానే ఔనంటారు. ఎంచుకోవడానికి ఎన్ని ఎక్కువ ఉంటే మనిషికి అంత సుఖమా, లేక అంత దుఃఖమా అన్న ప్రశ్న ఆ మాట వెనుక ఉంది. పైకి కాలక్షేపపు ప్రశ్నలా కనబడినా, దానికి మనమిచ్చే జవాబును బట్టి కొందరి జీవితాలు అటో ఇటో అవుతాయని నా అనుమానం. అందుకే తీరిగ్గా ఆలోచించి చూద్దామని కూర్చున్నాను.

ముందుగా ఆ "మా రోజుల" సంగతి. 1991 నాటి ఆర్థిక సంస్కరణలకు పూర్వం స్కూటరు కావాలంటే పేరు నమోదు చేసుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. టెలిఫోనుదీ అదే కథ. పెళ్ళినాడు బుక్ చేసిన స్కూటరు ఇంటికి వచ్చేసరికి, దాని ముందుభాగంలో నిలబడడానికి ఒక పిల్లవాడు సిద్ధంగా ఉండేవాడు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. 1995లో ప్రైవేటు తెలుగు ఛానెళ్ళు వచ్చేదాకా తెలుగు కార్యక్రమాలకు అదే దిక్కు. గజం పొలం కూడా లేని మా ఇంట్లో వ్యవసాయ కార్యక్రమాన్ని ఇంటిల్లిపాదీ శ్రద్ధగా చూసేవాళ్ళం. వరికి పట్టే తెగుళ్ళ పేర్లు నాకు ఇప్పటికీ కొన్ని గుర్తున్నాయి.

ఆ రోజులు తలచుకుంటే తీయగానే ఉంటాయి. అయితే జ్ఞాపకానికి పక్షపాతమెక్కువ. అది స్కూటరు వచ్చిన రోజును దాచిపెట్టుకుని, రాని ఏళ్ళను పారేస్తుంది. పైగా కొరత అందరికీ సమానంగా ఉండేది కాదు. డబ్బో పలుకుబడో ఉన్నవాడికి అప్పుడూ దారులుండేవి. లేనివాడికి మాత్రమే ఎంపిక లేదు. కనుక "మా రోజుల" సుఖాన్ని సాక్ష్యంగా స్వీకరించడానికి నాకు మనసొప్పదు.

ఇక పరిశోధకుల మాట. ఈ చర్చలో అందరూ ఉదాహరించే ప్రయోగమొకటుంది. షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2000లో దాన్ని ప్రచురించారు. కాలిఫోర్నియాలోని ఒక పెద్ద సరుకుల దుకాణంలో పళ్ళజాము సీసాలు రుచి చూడడానికి పెట్టారు. (జామకాయలు కావు, రొట్టెకు రాసుకునే జాము.) కొంతసేపు ఇరవైనాలుగు రకాలు, కొంతసేపు ఆరు రకాలు. ఇరవైనాలుగు ఉన్నప్పుడు అటుగా వెళ్ళినవారిలో నూటికి 60 మంది ఆగారు, ఆరే ఉన్నప్పుడు 40 మంది. అయితే ఆగినవారిలో కొన్నవారెందరు? ఆరు రకాల దగ్గర నూటికి 30 మంది, ఇరవైనాలుగు రకాల దగ్గర ముగ్గురు. విస్తారం మనిషిని రప్పించింది గాని ఒప్పించలేకపోయింది.

2004లో బారీ ష్వార్ట్జ్ ఈ వాదాన్ని విస్తరించి రాసిన పుస్తకంతో ఇది లోకమంతటా పాకింది. అప్పటినుంచీ "ఎంపికలు ఎక్కువైతే దుఃఖం" అన్నది సిద్ధాంతమైపోయింది. కథ అక్కడితో ముగిస్తే బాగుండేది గాని ముగియలేదు. 2010లో షైబెహెన్నె, ఆయన సహచరులు అలాంటి ప్రయోగాలు యాభై పోగుచేసి సరాసరి కట్టిచూస్తే ఫలితం దాదాపు సున్నా అని తేలింది. కొన్నిచోట్ల ఎక్కువ రకాలు మనిషిని బెదరగొట్టాయి, కొన్నిచోట్ల సంతోషపెట్టాయి. 2015లో చెర్నెవ్, మరి ఇద్దరు కలిసి, ఏ పరిస్థితుల్లో బెదురు పుడుతుందో విడదీసి చూపించారు. వస్తువులను పోల్చడం చిక్కుగా ఉన్నప్పుడు, తేల్చుకోవలసిన పని కష్టమైనప్పుడు, ఎంచుకునేవాడికి తనకేం కావాలో ముందుగా తెలియనప్పుడు, అసలు కొనే ఉద్దేశంతో వచ్చాడా చూసిపోదామని వచ్చాడా అన్నదాన్ని బట్టీనట.

ఇది చదివాక జాము ప్రయోగంలో అందరూ దాటిపోయే ఒక చిన్న వివరం నాకు పెద్దదిగా కనిపించింది. స్ట్రాబెర్రీ వంటి మామూలు రుచులను వారు బల్ల మీద పెట్టలేదు. పెడితే జనం తమకు అలవాటైన సీసాను తీసుకుని చక్కా పోతారని! అంటే ఏం కావాలో తెలిసినవాడికి ఇరవైనాలుగైనా రెండువందలైనా ఒకటేనని ప్రయోగం చేసినవారికీ తెలుసు. ఆవకాయ కోసం అంగడికి వెళ్ళిన తెలుగువాణ్ణి నలభై రకాల పచ్చళ్ళు ఏం చేయగలవు?

మన సాహిత్యంలో ఈ సంగతి ఎప్పుడో వచ్చింది. దమయంతి స్వయంవరం గుర్తు చేసుకోండి. నన్నయగారి అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో చదివినవారున్నారు, శ్రీనాథుడి శృంగార నైషధంలో చదివినవారున్నారు. దేశదేశాల రాజులు సభలో బారులు తీరి కూర్చున్నారు. ఆ సంఖ్య దమయంతిని ఏమాత్రం కలవరపెట్టలేదు. హంస మాట విన్ననాడే ఆమె మనసు నలుడి మీద నిలిచింది. మరి ఆమె కలవరపడింది ఎక్కడ? ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుడి రూపమే ధరించి అతడి పక్కన కూర్చున్నప్పుడు. వందలమంది రాజులు పెట్టని బాధను ఒకేలా ఉన్న అయిదుగురు పెట్టారు. చివరికి ఆ దేవతలనే వేడుకుంటే వారు తమ గుర్తులు చూపారు. దేవతలకు రెప్పపాటు లేదు, చెమట లేదు, పాదాలు నేలనంటవు, మెడలోని మాల వాడదు. ఆమె చెమట పట్టినవాణ్ణి, మాల వాడినవాణ్ణి, నేల మీద నిలిచినవాణ్ణి వరించింది.

ఈ ఘట్టం నాకు చిన్ననాటినుంచీ ఇష్టమే గాని, అందులో ఎంపికశాస్త్రం ఉందని ఇప్పుడే తోచింది. సంఖ్య కన్నా పోలిక ప్రమాదకరం. ఈనాటి దుకాణాల్లో మన ఎదుట ఉన్నవి చాలావరకు వేరువేరు రాజులు కారు, ఒకే నలుడి మారురూపాలు. ఒకే సబ్బు ఎనిమిది రంగుల్లో, ఒకే ఫోను పన్నెండు పేర్లతో. వాటి మధ్య తేడాను మన తరఫున చూపించే దేవతలు లేరు. ఉన్న వ్యాపారులకు తేడా మరుగునపడడమే లాభం.

రెండో సంగతి ఎంచుకునేవాడి స్వభావం. హెర్బర్ట్ సైమన్ (1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పొందినవాడు) మనుషులు అన్నింటినీ తూచి ఉత్తమమైనదాన్ని ఎంచుకోలేరనీ, తమకు చాలుననిపించేది దొరకగానే ఆగిపోతారనీ 1950లలోనే చెప్పాడు. అందరూ ఆగరు. చాలుననుకునేవారు ఒకరకం, ఇంతకన్నా మంచిది ఎక్కడో ఉండే ఉంటుందనుకునేవారు మరొకరకం. అయ్యంగార్, వెల్స్, ష్వార్ట్జ్ 2006లో ఉద్యోగాలు వెదుకుతున్న విద్యార్థులను పరిశీలిస్తే, రెండోరకంవారు మొదటిరకం కన్నా నూటికి 20 వంతులు ఎక్కువ జీతం సంపాదించారు, తమ ఉద్యోగంతో తృప్తి మాత్రం తక్కువ పొందారు. దూరపు కొండలు నునుపు అన్నది ఇదే. వదిలేసిన ఉద్యోగాల్లోని పై అధికారులు, అర్ధరాత్రి ఫోనులు వీరికి కనబడవు. దగ్గరున్న కొండకే రాళ్ళూ రప్పలూ.

మూడోది నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది. డేనియల్ గిల్బర్ట్, జేన్ ఎబర్ట్ 2002లో ప్రచురించిన ప్రయోగం. ఫొటోగ్రఫీ నేర్చుకునే విద్యార్థులను తాము తీసిన ఫొటోల్లో రెండింటిని అచ్చువేసి, ఒకటి ఉంచుకుని ఒకటి ఇచ్చేయమన్నారు. కొందరికి మనసు మారితే మార్చుకోవచ్చునన్నారు, కొందరికి ఇచ్చింది ఇచ్చినట్టేనన్నారు. మార్చుకునే వీలు లేనివారే తమ ఫొటోను ఎక్కువ ఇష్టపడ్డారు. అందని ద్రాక్ష పుల్లనైతే, అందిన ద్రాక్ష తీయన కావాలి కదా. తలుపు మూసుకుంటేనే మనసు ఆ పని మొదలుపెడుతుంది. విచిత్రమేమంటే, ఏ పద్ధతి కావాలని ముందుగా అడిగితే చాలామంది మార్చుకునే వీలున్నదే కావాలన్నారు!

దీన్ని ప్రతి ఏటా మన ఇళ్ళలో చూడవచ్చు. ఎంసెట్ (ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఈఏపీసెట్) ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు పెట్టే రాత్రులు తెలిసినవారికి నేను వర్ణించనక్కరలేదు. కళాశాల, బ్రాంచి కలిపి ఒక్కో ఆప్షను. అవి వందల్లో ఉంటాయి. బాబాయిలు, పిన్నులు, పక్కింటి లెక్చరరుగారు తలా ఒక వరస చెబుతారు. రాని సీటు పైన పెడితే వచ్చే సీటు పోతుందని ఒకరి భయం. నిజానికి ర్యాంకుల వరసలో ఒక్కొక్కరి జాబితా పైనుంచి చూస్తూ, ఆ విద్యార్థికి అర్హత ఉండి ఖాళీగా ఉన్న మొదటి సీటు ఇస్తారు. రానిదాన్ని పైన పెట్టినందువల్ల నష్టమేమీ లేదు, జాబితా పొడవైనందువల్ల అంతకన్నా లేదు. అంటే ఇక్కడ అవకాశాల సంఖ్య విద్యార్థికి మేలే చేస్తోంది. చెరుపు చేసేది ఆ వరసను రోజుకు పదిసార్లు తిరగరాయడం. అందుకే ఆ పద్ధతిలో నాకు బాగా నచ్చినది "ఫ్రీజ్" అనే మీట. అది నొక్కిన రాత్రి ఆ ఇంట్లో అందరూ నిద్రపోతారు.

ఇంతవరకూ చెప్పినదంతా సీసాలు, ఫోనులు, సీట్ల గురించి. దీన్ని పట్టుకుని "కాబట్టి ఎంపిక తగ్గిస్తేనే సుఖం" అనేవారితో నాకు పేచీ ఉంది.

గురజాడవారు కన్యాశుల్కం తొలి ముద్రణకు (1897) ఇంగ్లీషులో రాసిన పీఠికలో ఒక లెక్క ఇచ్చారు. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాలు నమోదైనవి 1034. ఆ పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవారు, నాలుగేళ్ళవారే కాదు, ఏడాది నిండినవారు కూడా ఉన్నారు. ఆ పిల్లలకు ఎంపిక అనే బరువు బొత్తిగా లేదు. జాము ప్రయోగాన్ని అడ్డదిడ్డంగా చదివితే వారు మహాసుఖులు కావాలి.

మా నాయనమ్మకు తొమ్మిదో ఏట పెళ్ళయింది. ఆవిడ పెద్దతనంలో ఒకసారి "సుఖపడ్డావా నాయనమ్మా?" అని అడిగాను. "ఆ మాట అడిగేవాళ్ళు అప్పుడు లేరు నాయనా, ఇప్పుడు అడిగి ఏం చేస్తావు?" అంది, చింతపండు గింజలు తీస్తూ. తలుపు మూసుకుంటే మనసు సర్దుకుంటుందన్నది నిజమే. ఆవిడా సర్దుకుంది. కాని తన చేత్తో మూసుకున్న తలుపుకూ, బయటినుంచి గడియపెట్టిన తలుపుకూ తేడా చెప్పడానికి నాకు ప్రయోగమక్కరలేదు.

ఇప్పుడు మా మేనకోడలి విషయం. ఇరవైతొమ్మిదేళ్ళు, బెంగుళూరులో ఉద్యోగం. వివాహవేదికల సైట్లలో కొన్ని వందల వివరాలు చూశాక, పదకొండు సంబంధాలు మాటలదాకా వచ్చి ఆగిపోయాయి. బంధువులందరూ ఏకకంఠంతో తీర్పు చెప్పారు: "అన్నేసి సంబంధాలు చూపించి పిల్లను చెడగొట్టారు. మూడు చూపించి ఒకటి ఖాయం చేసుంటే ఈపాటికి కాపురం చేసుకునేది." ఒకాయన ఎక్కడో చదివిన జాము సీసాల కథ కూడా చెప్పాడు.

నేను ఆ పిల్లనే అడిగాను. "మూడే అడుగుతున్నాను మావయ్యా" అంది. కట్నం లేకుండా చేసుకోవాలి, ఉద్యోగం మానమనకూడదు, ఒంటరిగా ఉన్న అమ్మ తమతోనో పక్క వీధిలోనో ఉండాలి. పదకొండింటిలో ఎనిమిది మూడో మాట దగ్గర ఆగాయి. మిగిలిన మూడు మొదటి మాట దాటలేదు. ఇందులో ఎంపిక ఎక్కువవడం ఎక్కడుంది? తెర మీద వందల ముఖాలున్నాయి, ఆమె అడిగినదానికి ఔనన్నవాడు ఇంకా ఒక్కడూ రాలేదు. ఆమె సీసాల ముందు తబ్బిబ్బవుతున్న మనిషి కాదు, ఎవరి మాల వాడుతుందా అని చూస్తున్న దమయంతి. ఈ పిల్లకు కరువైన ఎంపికను మిక్కుటమైన ఎంపికగా లెక్కగట్టి, ఉన్న ఒక్క హక్కునూ తగ్గించుకోమని హితవు చెబుతున్నారు. కాదనే హక్కు ఇరవైనాలుగింటిలో ఒకటిగా లెక్కకు వచ్చేది కాదు. అది లేకపోతే తక్కిన ఇరవైనాలుగూ అలంకారాలే.

నా మటుకు నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. సబ్బు, చొక్కా, ఫోను వంటి వాటిలో మూడు చూసి, పనికొస్తుందనుకున్నది తీసుకుని, ఆపైన వాటి ధరలు మళ్ళీ చూడను. ఏ రాయైతేనేం! మనుషులు, చదువు, ఉండే ఊరు, చేసే పని – వీటిలో మాత్రం ఎంతకాలం పట్టినా తొందరపడను, మరొకరిని తొందరపెట్టను. ఏది ఏ కోవలోకి వస్తుందో ఎవరికి వారే తేల్చుకోవాలి. పుస్తకాలు ఏ కోవలోవో నాకింకా తేలలేదు, అలమర నిండిపోయింది.

పన్నెండో సంబంధంవారు వచ్చే ఆదివారం ఫోనులో మాట్లాడతారట. మూడో మాట ముందే చెప్పేయమ్మా అన్నాను. "చెప్పేశాను మావయ్యా, అయినా మాట్లాడతామన్నారు" అంది. చూడాలి.