శీతకాల వేదన – తితిక్షా తత్త్వం

భగవద్గీత ద్వితీయాధ్యాయంలోని 14వ శ్లోకంలో శ్రీకృష్ణ పరమాత్మ సుఖదుఃఖాల కంటె ముందుగా శీతోష్ణాలను ప్రస్తావించాడు. ఇంద్రియాలకు విషయాలతో కలిగే స్పర్శయే వీటన్నిటికీ హేతువు. అవి వచ్చిపోయేవి, అనిత్యాలు. కనుక సహించవలసినదని భగవానుని ఆదేశం. యుద్ధభూమిలో నిలిచిన మహావీరునకు చలిని గూర్చి చెప్పవలసిన పని ఏమున్నదని యౌవనంలో ఉన్నవారికి అనిపించవచ్చు. సంధివాతంతో బాధపడే వృద్ధునికి ఆ సందేహం కలుగదు. ధనుర్మాసపు బ్రాహ్మీముహూర్తంలో మోకాలు మడవబోయినప్పుడు ఆ ఉపదేశం ఎంత సన్నిహితమైనదో ఆయనకు తెలిసివస్తుంది.

విశాఖ తీరాన ఉన్న రుషికొండ శీతల ప్రదేశమేమీ కాదు. మన్యంలోని లంబసింగిలో కొన్ని సంవత్సరాలు ఉష్ణోగ్రత సున్నకు చేరువ అవుతుంది గాని, ఈ తీరంలో సాధారణంగా 15 డిగ్రీలకు దిగువకు పోదు. అయినప్పటికీ అరిగిన కీళ్ళకు ఈ చలియే చాలును. శీతస్పర్శకు రక్తనాళాలు సంకోచిస్తాయి, కండరాలు బిగుసుకుంటాయి, కదలిక తగ్గినకొద్దీ కీళ్ళు మరింత పట్టివేస్తాయి. రూక్షత్వం, శీతత్వం వాతగుణాలని, స్నిగ్ధోష్ణ ద్రవ్యాలు దానిని శమింపజేస్తాయని ఆయుర్వేదం చెబుతున్నది. చరకసంహిత సూత్రస్థానం 6వ అధ్యాయం హేమంత ఋతువుకు అభ్యంగాన్ని, స్వేదాన్ని, ఎండను, వెచ్చని గృహాన్ని విధించింది.

ఉక్కునగరంలో ఉద్యోగవిరమణ చేసి రుషికొండలో స్థిరపడిన ఒక భక్తుడు ఒక ధనుర్మాసంలో కఠినమైన దీక్ష పూనారు. 30 దినాలూ తెల్లవారుజామున చన్నీటి శిరఃస్నానం చేయాలి. తిరుమల తిరుపతి దేవస్థానం వారు 2022లో ప్రతిష్ఠించిన కొండమీది వేంకటేశ్వరాలయానికి నడిచియే వెళ్ళాలి. తిరుప్పావై ముగిసేవరకు నేలపై కూర్చొని వినాలి. నొప్పి మాత్ర ముట్టరాదు. మోకాళ్ళ అరుగుదల ఆయనకు ఏడేళ్ళుగా ఉన్నది. ఔషధం తీసుకుంటే తితిక్షకు భంగమని ఆయన దృఢంగా విశ్వసించారు.

తొమ్మిదవ దినాన కుడి మోకాలు వాచింది. కూర్చున్న చోటి నుండి లేవలేకపోయారు. ఇద్దరు యువకులు పట్టి లేవనెత్తవలసి వచ్చింది. ఇంటికి వచ్చిన తరువాత మూడు దినాలు ఆయన దేవుని గదిలోనికి వెళ్ళలేదు. నొప్పి కంటె కోపం అధికమైనది. ఇంత చేసినా స్వామి ఈ మాత్రం కరుణించలేదే అన్న కోపం అది.

భార్య అన్న మాట ఒక్కటే: "రోజూ సంకల్పంలో యథాశక్తి అని మీరే చెబుతారు కదండీ. ఆ శక్తి ఎంతో ఒక్కసారైనా చూసుకున్నారా?"

దానికి ఆయన వద్ద సమాధానం లేకపోయింది. నలభై యేళ్ళుగా ఆ పదాన్ని ఉచ్చరించారు గాని, అది తనకు వర్తిస్తుందని తలచలేదు.

ఆయన ప్రమాణంగా గ్రహించిన వివేకచూడామణి తితిక్షకు మూడు లక్షణాలు చెబుతుంది. దుఃఖాన్ని ప్రతీకారం లేకుండా సహించడం మొదటిది. చింత లేకపోవడం, విలాపం లేకపోవడం తక్కినవి. ఆయన మొదటిదానిని పట్టుకొని తక్కిన రెండింటినీ విడిచిపెట్టారు. ఆ తొమ్మిది దినాలూ మనస్సు మెట్లను లెక్కిస్తూనే ఉన్నది, సులువుగా ఎక్కేవారితో తన్ను పోల్చుకుంటూనే ఉన్నది, లోలోపల మొరపెట్టుకుంటూనే ఉన్నది. మాత్ర మానినంత మాత్రాన తితిక్ష సిద్ధించలేదు. పైగా ఆ నిర్వచనం సాధన చతుష్టయాన్ని అభ్యసించే ముముక్షువునకు చెప్పినది. దేహాన్ని హింసించుమన్న విధి కాదు. శాస్త్రవిహితం కాని ఘోరతపస్సుతో శరీరాన్ని కృశింపజేసేవారు అంతర్యామియైన తననే బాధిస్తున్నారని గీత 17వ అధ్యాయంలో భగవానుడు హెచ్చరించాడు. భగవాన్ రమణ మహర్షి సైతం 1949లో చేతి వ్రణానికి వైద్యులు చేసిన శస్త్రచికిత్సలకు అడ్డు చెప్పలేదు. చికిత్స ఆయన స్థితికి ఆటంకం కాలేదు.

రుషికొండ నుండి భీమిలి వెళ్ళే దారిలో తొట్లకొండ ఉన్నది. సుమారు రెండు వేల యేండ్ల క్రితం అక్కడ భిక్షువులు వసించారు. వారి సంప్రదాయంలో రెండు బాణాల దృష్టాంతం ప్రసిద్ధం: దేహానికి తగిలేది మొదటి బాణం, దానిపై మనస్సు చేసే శోకం రెండవది. మొదటిదానికి వైద్యుడు కావాలి, రెండవదానికి సాధన కావాలి. ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు.

ధర్మశాస్త్రం అశక్తునికి మార్గం మూసివేయలేదు. రోగికి వేడినీటి స్నానం, అదియు సాధ్యం కానినాడు తడివస్త్రంతో మేను తుడుచుకొనే కాపిలస్నానం, మంత్రస్నానం, మానసస్నానం చెప్పబడ్డాయి. ఇవి రోగార్తునికి శాస్త్రమే చూపిన దారులు; వీటిని ఆశ్రయించినందుకు సిగ్గుపడనక్కరలేదు.

వైద్యుని సలహాతో ఆ భక్తుని దినచర్య మారింది. మేల్కొనగానే పడకమీదనే పది నిమిషాలు పాదాలు, మోకాళ్ళు మెల్లగా కదలిస్తారు. గోరువెచ్చని నువ్వులనూనె మర్దన చేసుకొని, వేడినీటితో స్నానం చేస్తారు. కుర్చీలో కూర్చొని ఒక్కొక్క కాలు చాచి, ఐదు లెక్కించేవరకు నిలిపి, తొడ కండరాలకు బలం కూర్చుకుంటారు. చలినేలపై బాసిపట్టు మాని కుర్చీలోనే జపం చేస్తారు. నడక ఎండ వచ్చిన పిదపనే. మాత్రను వైద్యుడు చెప్పిన మోతాదులోనే వాడుతారు; అతిగా వాడితే ఉదరానికి, మూత్రపిండాలకు హాని. మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవారు వేడి కాపడంలో మరింత జాగ్రత్త వహించాలి. కీలు ఎర్రబడి, వాచి, జ్వరం తోడైతే గృహచికిత్సతో కాలయాపన చేయరాదు.

ఆ యేటి దీక్షలో మిగిలిన 18 దినాలలో ఆయన కొండకు వెళ్ళినవి ఏడు మాత్రమే, అవీ వాహనంలోనే. తక్కిన దినాలు ఇంటిలో దీపం వెలిగించి పాశురాలు చదువుకున్నారు. నొప్పి తొలగిపోలేదు, ప్రతి చలికాలం తిరిగి వస్తూనే ఉన్నది. ఇప్పుడు సంకల్పంలో యథాశక్తి అన్న పదం వద్ద ఆయన ఒక క్షణం ఆగి, ఆనాటి తన మోకాలి స్థితిని గమనించి, అటుపిమ్మటనే ఆచమనపాత్రను అందుకుంటారు.

స్వస్తి.