శబ్దమూ, అర్థమూ

ముసలితనం మనిషిదైనా, బండిదైనా ఒకటే. నొప్పి ఒకచోట, మూలుగు మరోచోట.

మా నాన్నగారికో అంబాసిడర్ కారుంది. 2014లో తయారీ ఆగిపోయిన జాతి అది. గతుకు తగిలితే చాలు, వెనకనుంచి ‘టక్కు’మనేది. ఎడమపక్కకి కాస్త ఒరిగి నిలబడేది.

“షాకబ్సార్బర్లు పోయాయి. ఇంక దానిమీద డబ్బు తగలెయ్యకండి. పాత ఇనుము కింద అమ్మేయండి” అన్నారు మా బావగారు. నాన్నగారు మాట్లాడలేదు. ఆ పూట మజ్జిగ పోసుకోకుండానే లేచారు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీకి బండి చూపించాను. ఆయన పానా ముట్టుకోలేదు. డిక్కీ మూల గట్టిగా నొక్కి వదిలాడు. బండి ఒక్కసారి లేచి కుదురుకుంది.

“షాకులు బాగానే ఉన్నాయండీ. అవి పోతే ఉయ్యాలలా ఊగుతుంది” అన్నాడు.

తరవాత రెండువైపులా చక్రానికీ, మడ్‌గార్డుకీ మధ్య ఎడం జానతో కొలిచాడు. ఎడమవైపు రెండు వేళ్లు తక్కువ. బరువు మోసేది కమాను కట్ట. ఊపు ఆపేది షాకు. ఒరిగిందంటే జబ్బు మోసేదానిదే కదా! కట్ట విప్పితే, మట్టి పేరుకున్నచోట ఒక పట్టీ విరిగి ఉంది. ఆ పట్టీ, అరిగిన రబ్బరు బుష్షులు మార్చి, రెండువైపులా ఎత్తు సరిచూసి ఇచ్చాడు. ‘టక్కు’ మాయం. ఆ రాత్రి నాన్నగారు మజ్జిగ మారు పోయించుకున్నారు.

శబ్దం వినగానే అర్థం తేల్చెయ్యకూడదని తెలుగు క్లాసులో నేను రోజూ చెప్పేదే. మేస్త్రీ చేసి చూపించాడు.