పాత సిటీ పరుగు

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఎన్ని విదేశీ కార్లు ఆగినా మా బావగారు వాటి వంక చూడరు. ఆయనకు కారంటే ఒకటే... 2001లో కొన్న హోండా సిటీ వీటెక్! 1.5 లీటర్ల ఇంజిను, 106 హార్స్‌పవర్. అప్పట్లో కుర్రకారు దాని మీద మనసు పారేసుకునేవారు. 2003లో రూపం మార్చుకుని వచ్చిన సిటీకి మొదట 77 హార్స్‌పవరే ఉండటంతో పాతదాని మీద మోజు ఇంకా పెరిగింది.

ఈమధ్య అక్క పట్టుబట్టి కొత్త తరం సిటీ కొనిపించింది. ఇంజిను అదే 1.5 లీటర్లు, బలం 121, గేర్లు ఆరు. ఓ ఆదివారం తెల్లారకముందే రెండింటినీ ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కించాం. కొత్తది చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. పాతదానికి గేరు తగ్గించి బతిమాలాలి. కానీ మీటరు ముల్లు పైకి లేచాక ఆ హోరే వేరు. దైవసన్నిధానం వైపు మలుపుల్లో రోడ్డు చేతికి తెలుస్తుంది. నా ఓటు దానికే!

అయితే నడపబోయేది మొన్ననే లైసెన్సు తెచ్చుకున్న మా మేనకోడలు. పాతదాంట్లో ఎయిర్‌బ్యాగులు లేవు. వీళ్ళు కొన్న కొత్తదాంట్లో ఆరున్నాయి. ఇక వాదనేముంది?

"పాతది అమ్మెయ్యండి, రిజిస్ట్రేషన్ గడువు కూడా అయిపోతోంది" అంది అక్క.

బావగారు కొత్తదాని తాళంచెవి కూతురికిచ్చారు. మర్నాడు వెళ్ళి పాతదానికి మరో అయిదేళ్ళ రెన్యువల్‌కు ఫీజు కట్టొచ్చారు. అక్క రెండ్రోజులు మాట్లాడలేదు.