1983 అంటే కప్పు ఒక్కటేనా?

నేను పుట్టడానికి పదేళ్లకు పైగా ముందటి సంవత్సరం అది. అయినా 1983 అనగానే మా బ్యాచ్‌కి గుర్తొచ్చేది ఒకటే: లార్డ్స్‌లో కపిల్ చేతిలో కప్పు. జూన్ 25న మనోళ్లు కొట్టింది 183 పరుగులే. వెస్టిండీస్‌ని 140కే ఆలౌట్ చేసేశారు.

జలదంకిలో మా అవ్వనడిగితే మాత్రం, "కప్పు సంగతి నాకేం తెలుసబ్బయా! కిలో బియ్యం రెండు రూపాయలకి ఇచ్చిన ఏడు గదా అది" అంటుంది. ఆ జనవరి 9న ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యారు. పార్టీ పెట్టి అప్పటికి పది నెలలు కూడా నిండలేదు. 'సాగర సంగమం' వచ్చిందీ ఆ ఏడే. మన నెల్లూరు బాలుకి, ఇళయరాజాకి జాతీయ అవార్డులు తెచ్చింది.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసింది ఉదయగిరి సంగతి. ఇప్పుడు మా ఊరున్న నియోజకవర్గం. రాష్ట్రమంతా ఎన్టీఆర్ గాలి వీస్తుంటే, అక్కడ బీజేపీ తరఫున నిలబడ్డ వెంకయ్యనాయుడు గెలిచారు. 2017లో ఉపరాష్ట్రపతి అయింది ఆయనే.

ఆఫీసులో నాకు రోజూ డేటాతోనే పని. సగటు ఒక్కటే చూస్తే, అందరికీ వేరుగా నిలబడ్డ అంకె కనపడదు. చరిత్రా అంతే. 'రాష్ట్రమంతా ఒకవైపే' అనే మాటలో ఉదయగిరి లేదు. 'దేశమంతా కప్పు సంబరం' అనే మాటలో మా అవ్వ లేదు.

డిసెంబర్‌లో ఫోన్ మనకి ఇయర్ రీక్యాప్ చూపిస్తుంది. అది చూశాక, ఈ ఏడు మీకేం గుర్తుంటుందని ఇంట్లో పెద్దాళ్లని అడగండి. చెప్పింది నోట్స్‌లో రాసిపెట్టుకోండి. అవ్వకి ఎనభై దాటాయి. ఆమె 1983 ఏ గూగుల్‌లోనూ దొరకదు.