కారు కొనే ముందు కిలోమీటర్లు లెక్కపెట్టండి

కొత్త బండి కొన్న కుటుంబం దాన్ని నేరుగా మందిరం దగ్గరకు తీసుకొచ్చి, "అయ్యగారూ, ప్రార్థన చేయండి" అని అడగడం మన సంఘాల్లో మామూలే. 2007లో నేను సేవలో ప్రవేశించినప్పటి నుండి అలా ఎన్నో బండ్ల కోసం ప్రార్థించాను. వాటిని వరుసగా గుర్తు చేసుకుంటే ఒక సంగతి తెలుస్తుంది. ప్రపంచంలో చమురు ధర ఎటు నడిస్తే, మన వాకిళ్ళలోని కార్లు కూడా అటే నడిచాయి.

ఇది మనతోనే మొదలు కాలేదు. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఆపివేశాయి. పీపా సుమారు 3 డాలర్లున్న ముడిచమురు కొద్ది నెలల్లోనే 12 డాలర్లకు దగ్గరైంది. పెద్ద పెద్ద కార్లకు అలవాటుపడిన అమెరికా వారు బంకుల ముందు బారులు తీరారు. తరువాతి సంవత్సరాల్లో చాలామంది చిన్న జపాను కార్ల వైపు తిరిగారు. మన దేశంలో 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800ను మధ్యతరగతి ఆదరించడానికి, అది అంబాసిడర్ కంటే తక్కువ పెట్రోలు తాగడం కూడా ఒక కారణమే.

మనం వాడే ముడిచమురులో నూటికి 85 పాళ్ళకు పైగా బయటి దేశాల నుండే వస్తుంది. కనుక ఎక్కడ వాడకం పెరిగినా ఆ వేడి మనకు తగులుతుంది. చైనాలోనూ మన దేశంలోనూ వాడకం జోరుగా పెరుగుతున్న రోజుల్లో, 2008 జూలైలో, పీపా ధర 147 డాలర్లను తాకింది. 2010 జూన్‌లో ప్రభుత్వం పెట్రోలు ధరపై అదుపు వదిలివేసింది. లారీలు, ఆర్టీసీ బస్సులు, ట్రాక్టర్లు ఆధారపడినది కనుక డీజిల్ ధరను మాత్రం పట్టి ఉంచింది. 2012 నాటికి రెంటి మధ్య లీటరుకు పాతిక రూపాయలకు పైగా తేడా వచ్చింది. ఇంకేముంది, అందరి చూపూ డీజిల్ కారు మీదే!

ఆ రోజుల్లో మా సంఘంలో ఇద్దరు సహోదరులు డీజిల్ కార్లు కొన్నారు. ఒకరు పళ్ళ వ్యాపారి, రోజూ తోటల వెంట తిరిగేవారు. రెండవ ఆయన ఉపాధ్యాయుడు. బడికి మోటారు సైకిలు మీద వెళ్ళేవారు. కారు తీసేది ఆదివారం ఆరాధనకూ, పెళ్ళిళ్ళకూ. కొంతకాలానికి ఆయన భార్య నాతో అన్న మాట ఇప్పటికీ నా మనసులో ఉంది. "అయ్యగారూ, కారు వాకిట్లో చల్లగా ఉంది. నెల వాయిదా మాత్రం ఇంట్లో మమ్మల్ని నిద్రపోనివ్వడం లేదు. బాబు ఫీజు ఈసారి కూడా ఆలస్యమే."

ఆమె మాటలోని బరువు ఎంతో ఒక చిన్న లెక్క చెబుతుంది. పెట్రోలు 70 రూపాయలు, డీజిల్ 45 అనుకుందాం. పెట్రోలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు, డీజిల్ కారు 20 ఇస్తాయనుకుందాం. నెలకు 500 కిలోమీటర్లు తిరిగే ఇంటికి డీజిల్ వల్ల మిగిలేది సుమారు 1,200 రూపాయలు. డీజిల్ కారుకు మొదట లక్ష రూపాయలు ఎక్కువ పెట్టి ఉంటే, ఆ లక్ష తిరిగి రావడానికి దాదాపు ఏడేళ్ళు పడుతుంది. అదే నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగితే 21 నెలల్లో వచ్చేస్తుంది. పళ్ళ వ్యాపారికి లాభమైన కారే ఉపాధ్యాయునికి భారమైంది. ధర ఒక్కటే, ఇంటి అవసరం వేరు.

పైగా ఆ తేడా నిలవలేదు. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై కూడా అదుపు తీసివేశారు. తేడా తగ్గుతూ వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్. 6 నిబంధనలు వచ్చాక చిన్న డీజిల్ కార్లు ఒక్కొక్కటిగా తెరమరుగయ్యాయి. మారుతి కంపెనీ డీజిల్ కార్లు చేయడమే మానింది. 2021లో మన రెండు రాష్ట్రాల్లోనూ పెట్రోలు లీటరు వంద రూపాయలు దాటింది. అప్పటి నుండి యౌవనస్తులు నన్ను అడిగేది గ్యాస్ కారు గురించి, కరెంటు కారు గురించి.

వారికి నేను చెప్పేది ఇదే. బంకు దగ్గర బోర్డు మీది ధర ఈ రోజుది. కారు మన ఇంట్లో పదేళ్ళుంటుంది. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోవాలన్న ఉపమానం మనకు తెలిసినదే గదా! షోరూముకు వెళ్ళే ముందు భార్యాభర్తలు ఒక నోటు పుస్తకం తీసుకుని కూర్చోండి. నెలకు నిజంగా ఎన్ని కిలోమీటర్లు తిరుగుతామో రాయండి. గ్యాస్ అయితే బంకు ఎంత దూరంలో ఉందో, సిలిండరు పోగా డిక్కీలో సామాను పడుతుందో లేదో చూడండి. కరెంటు అయితే ఇంటి దగ్గర ఛార్జింగు పెట్టుకునే వీలుందా, దూరప్రయాణంలో ఎక్కడ ఆగాలి అని విచారించండి. వాయిదా, ఇన్సూరెన్సు, ఇంధనం కలిపి కూడండి. పిల్లల చదువునూ పెద్దవాళ్ళ మందులనూ ముట్టుకోకుండా ఆ మొత్తం కట్టగలిగితే నిశ్చింతగా కొనండి. లేదంటే చిన్న కారో, వాడిన కారో, మరో రెండేళ్ళు ఆర్టీసీ బస్సో ఏమీ చిన్నతనం కాదు.

చమురు ధర నిర్ణయించేది మనం కాదు. మన ఇంటి ఖర్చు నిర్ణయించేది మాత్రం మనమే.